రెండు విమానాల నడుమ చెన్నై సముద్రం: ఆ రోజును ఎలా ఏర్పాటు చేసుకోవాలి

గన్నవరం నుంచో, మధురపూడి నుంచో, విశాఖపట్నం నుంచో బయలుదేరి సింగపూర్, కౌలాలంపూర్ వంటి చోట్లకు వెళ్లే తెలుగువారిలో చాలామంది చెన్నైలో విమానం మారుతారు. తూర్పు దేశాలకు వెళ్లే విమానాలు అక్కడి నుంచి ఎక్కువగా రాత్రి పొద్దుపోయాకే బయలుదేరుతాయి కాబట్టి, మధ్యాహ్నానికే చెన్నైలో దిగినవారికి ఏడెనిమిది గంటల ఖాళీ మిగులుతుంది. కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో మొదటిసారి విదేశం వెళ్తున్న పెద్దవారు ఆ సమయమంతా టెర్మినల్ కుర్చీల్లో నడుము పట్టేసేలా కూర్చోవడం చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. అక్కడికి పదిహేను కిలోమీటర్లలోపే సముద్రం ఉంది. గాలికి కాసేపు నడిచి, అలల్లో పాదాలు తడుపుకొని, నిదానంగా తిరిగి రావచ్చు.

తీరానికి వెళ్లడం సులువే. వేళకు తిరిగి రావడమే కష్టం. అందువల్ల ఈ రోజును రెండో విమానం దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్క కట్టుకుంటూ రావాలి. విమానానికి, విమానాశ్రయానికి, రోడ్డుకు ఇవ్వవలసింది ఇచ్చేశాక మిగిలిన సమయమే సముద్రానిది.

ముందుగా టికెట్టును చదవండి

మీ రెండు ప్రయాణాలూ ఒకే పీఎన్ఆర్ నంబరు కింద ఉన్నాయా, రెండు వేర్వేరు టికెట్లుగా ఉన్నాయా అన్నది అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసిన సంగతి. ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది అందకపోయినా మిమ్మల్ని మరో విమానంలో పంపే బాధ్యత విమానయాన సంస్థ మీద ఉంటుంది. వేర్వేరుగా కొన్న టికెట్లయితే రెండో సంస్థకు మీ మొదటి విమానంతో సంబంధం లేదు. విమానం తప్పితే ఆ నష్టం పూర్తిగా మీదే. అయితే ఒక విషయం గుర్తుంచుకోవాలి: మొదటి విమానం వేళకే చేరి, మీరే తీరం నుంచి ఆలస్యంగా వచ్చినట్లయితే, ఒకే పీఎన్ఆర్ ఉన్నా మిమ్మల్ని కాపాడేది ఏదీ ఉండదు.

ఆ తర్వాత చూడవలసింది సామాను సంగతి. బయలుదేరే ఊళ్లో చెక్-ఇన్ కౌంటరు దగ్గర, "పెట్టెలు చివరి ఊరిదాకా నేరుగా వెళ్తాయా, చెన్నైలో తీసుకోవాలా?" అని స్పష్టంగా అడగండి. జవాబు విన్న తర్వాత కూడా పెట్టెకు కట్టిన చీటీని మీ కళ్లతో చూడండి. దాని మీద మూడక్షరాల సంకేతం పెద్దగా అచ్చయి ఉంటుంది. చెన్నైకి ఎంఏఏ, సింగపూర్‌కు ఎస్ఐఎన్, కౌలాలంపూర్‌కు కేయూఎల్ అని ఉంటుంది. చీటీ మీద చివరి ఊరి సంకేతం ఉంటేనే మీరు చేతి సంచీతో బయటికి నడవవచ్చు. ఎంఏఏ అని మాత్రమే ఉంటే పెట్టెలు చెన్నైలో బెల్టు మీదికి వస్తాయి, వాటిని మీరే మోయాలి. ఒకసారి మా ఇంట్లోవారికి కౌంటరు దగ్గర నోటిమాటగా ఒకటి చెప్పి, చీటీ మరొకటి కట్టారు. చెన్నైలో దిగాక అనుమానం వచ్చి చూసుకున్నాం కాబట్టి సరిపోయింది కానీ, లేకపోతే మేము తీరంలో ఉండగా మా పెట్టెలు బెల్టు మీద తిరుగుతూ ఉండేవి.

పెట్టెలు మీ దగ్గరే మిగిలితే మూడు దారులున్నాయి. విమానాశ్రయానికి దగ్గరలోని హోటలులో కొన్ని గంటలకు గది తీసుకొని, పెట్టెలు అక్కడే ఉంచి వెళ్లడం ఒకటి; పెద్దవారు ఉంటే ఇదే మంచిది, ఎందుకంటే తిరిగి వచ్చాక స్నానం చేసి బట్టలు మార్చుకునే వీలూ దొరుకుతుంది. నగరంలో బంధువులు ఉంటే వారింట్లో పెట్టడం రెండోది. తీరాన్ని మానుకోవడం మూడోది. క్లోక్ రూము ఉంటుందిలే అన్న ఊహతో మాత్రం బయలుదేరకండి. ఆ రోజున, ఆ వేళకు తెరిచి ఉంటుందని ముందే ఫోనులో రూఢి చేసుకుంటేనే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ట్యాక్సీ డిక్కీలో పెట్టెలు వదిలి, డ్రైవరును అక్కడే ఉండమని చెప్పి ఇసుకలోకి వెళ్లడం నేను ఎవరికీ సలహా ఇవ్వను. అతను మంచివాడే అయినా, పార్కింగ్ దొరకక వేరే వీధికి వెళ్లిన కారును సాయంత్రపు రద్దీలో వెతకడానికే అరగంట పోతుంది.

తిరుగు ప్రయాణంలో లెక్క వేరుగా ఉంటుంది. విదేశం నుంచి వచ్చి చెన్నైలో దిగి, అక్కడి నుంచి దేశీయ విమానం ఎక్కేవారు ఇమ్మిగ్రేషన్ ముగించుకొని, పెట్టెలు తీసుకొని, కస్టమ్స్ దాటి, మళ్లీ దేశీయ కౌంటరులో వాటిని అప్పగించాలి. రాత్రంతా నిద్ర లేని శరీరంతో, బరువులతో చేసే ఆ మార్పిడికి సముద్రాన్ని జోడించకపోవడమే మేలు. విదేశీ పాస్‌పోర్టు ఉన్న మన పిల్లలూ మనవలూ వెంట వస్తుంటే, వీసా లేదా ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) లేనిదే వారు విమానాశ్రయం దాటి బయటికి రాలేరన్న సంగతి కూడా ముందే చూసుకోవాలి.

వెనక నుంచి లెక్క

ఒక కాగితం తీసుకొని రెండో విమానం బయలుదేరే వేళను అడుగున రాయండి. ఉదాహరణకు అది రాత్రి పదకొండు గంటలు అనుకుందాం. అంతర్జాతీయ ప్రయాణానికి మూడు గంటల ముందు విమానాశ్రయంలో ఉండాలి కాబట్టి దానిపైన ఎనిమిది అని రాయండి. తీరం నుంచి విమానాశ్రయానికి మామూలుగా నలభై నిమిషాలు పట్టే దూరానికి సాయంత్రం వేళ గంటన్నర కేటాయించాలి. కనుక ఆపైన ఆరున్నర అని రాయండి. ఈ ఆరున్నరే మీ రోజంతటికీ ముఖ్యమైన అంకె. ఆ వేళకు మీరు ఇసుకలో నుంచి రోడ్డు మీదికి వచ్చి, బండి ఎక్కి ఉండాలి. దాన్ని ఫోనులో అలారంగా పెట్టండి, దానికి ఇరవై నిమిషాల ముందు మరో అలారం కూడా పెట్టండి, వెంట ఉన్నవారందరికీ ఆ వేళ ఏమిటో చెప్పి ఉంచండి.

ఇప్పుడు పైనుంచి రండి. మొదటి విమానం ఒంటిగంటకు చెన్నైలో దిగితే, మెట్లు దిగి, బస్సెక్కి, టెర్మినల్ దాటి బయటపడేసరికి ముప్పావుగంట పడుతుంది. భోజనానికి ఒక గంట, తీరం చేరడానికి ఒక గంట తీసేస్తే దాదాపు నాలుగు గంటలకు మీరు సముద్రం ముందు ఉంటారు. ఆరున్నరకు బండెక్కాలంటే ఆరుంబావుకే లేవాలి. అంటే మీకు దక్కేది రెండు గంటలకు కాస్త ఎక్కువ, అదీ ఎండ తగ్గిన మంచి వేళ.

బయటపడే ముప్పావుగంట, వెళ్లే గంట, తిరిగి వచ్చే గంటన్నర, విమానాశ్రయానికి మూడు గంటలు కలిపితే, సముద్రానికి ఒక్క నిమిషం ఇవ్వకముందే ఆరుంబావు గంటలు అయిపోతాయి. కాబట్టి దేశీయ విమానం దిగి అంతర్జాతీయ విమానం ఎక్కేవారికి రెండింటి మధ్య కనీసం ఏడు గంటలు ఉండాలి. ఎనిమిది ఉంటేనే ఊపిరి ఆడుతుంది. రెండూ దేశీయ విమానాలే అయితే చివరి మూడు గంటలకు బదులు రెండు గంటలు చాలు కాబట్టి ఆరు గంటల వ్యవధితో వెళ్లవచ్చు. అంతకన్నా తక్కువ ఉన్నవారు తీరం ఊసెత్తకుండా టెర్మినల్‌లోనే హాయిగా భోంచేసి విశ్రాంతి తీసుకోవాలి. ఇందులో సర్దుబాటుకు చోటు లేదని నా గట్టి నమ్మకం.

మొదటి విమానం గంట ఆలస్యమైతే ఆ గంటను సముద్రం వాటాలో నుంచే తగ్గించాలి, చివరి మూడు గంటల నుంచి కాదు. రెండు గంటలు ఆలస్యమైతే వెళ్లవద్దు.

ఏ తీరానికి వెళ్లాలి

చెన్నైలో ఈ రోజుకు సరిపడే తీరాలు రెండు: మెరీనా, బెసెంట్ నగర్‌లోని ఎలియట్స్ బీచ్. మహాబలిపురం చూసి వద్దామని చాలామందికి ఆశ పుడుతుంది. విమానాశ్రయం నుంచి అది సుమారు యాభై కిలోమీటర్లు. గుళ్లూ రథాలూ చూడకుండా రావడానికి మనసొప్పదు, చూస్తే వేళకు రాలేరు. దాన్ని మరో ప్రయాణానికి ఉంచుకోండి.

కొలతకు బెసెంట్ నగర్ దగ్గర. కత్తిపార కూడలి, గిండీ, సర్దార్ పటేల్ రోడ్డు, అడయార్ మీదుగా కారులో వెళ్తే పదమూడు, పద్నాలుగు కిలోమీటర్లు. ఇసుక మేట మెరీనాలో ఉన్నంత వెడల్పు ఉండదు, జనమూ తక్కువ, దగ్గరలో భోజనానికి మంచి చోట్లు దొరుకుతాయి, పక్కనే అష్టలక్ష్మి ఆలయం ఉంది. చిన్నపిల్లలతో, నడవలేని పెద్దలతో, కారు మాట్లాడుకొని వెళ్లేవారికి ఇది అనువైన తీరం. కానీ ఆ దారిలోని కత్తిపార, సర్దార్ పటేల్ రోడ్డు సాయంత్రం ఐదు దాటాక కిక్కిరిసిపోతాయి. అందుచేత బెసెంట్ నగర్‌ను పగటిపూట కార్యక్రమానికి, అంటే పొద్దున చేరి మధ్యాహ్నంలోగా తిరిగి వచ్చేవారికి ఎక్కువగా సూచిస్తాను. ఆగస్టు 29 నుంచి సెప్టెంబరు 8 వరకు అక్కడి వేళాంకణ్ణి మాత చర్చి ఉత్సవాలు జరుగుతాయి. ఆ రోజుల్లో ఆ వైపు వెళ్లకపోవడమే మంచిది.

మెరీనా మరికొంత దూరం. అయినా సాయంత్రం విమానం పట్టుకోవలసినవారికి మెరీనాయే నమ్మదగిన తీరమని నేను అంటాను. అందుకు కారణం మెట్రో. విమానాశ్రయం టెర్మినళ్ల నుంచి నడవా మీదుగా నేరుగా మెట్రో స్టేషనుకు వెళ్లవచ్చు. అక్కడ నీలం లైను రైలెక్కితే అలందూరు, గిండీ, సైదాపేట, తేనాంపేట మీదుగా గవర్నమెంట్ ఎస్టేట్ స్టేషనుకు అరగంట, నలభై నిమిషాల్లో చేరతారు, మధ్యలో రైలు మారే పని లేదు. స్టేషను నుంచి తీరం రెండు కిలోమీటర్లు. ఆటో ఎక్కితే వాలాజా రోడ్డు మీదుగా, చేపాక్ క్రికెట్ మైదానం పక్కనుంచి, తీరం వెంట సాగే కామరాజర్ సాలై అనే రోడ్డు మీద దిగుతారు. తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు ఎంత కిక్కిరిసినా మీకు దానితో పని ఆ రెండు కిలోమీటర్లకే. మరీ ఆగిపోతే ఆ మాత్రం నడిచి రావచ్చు. దూరం కన్నా నికరమైన వేళ ముఖ్యమైన రోజు ఇది. పెద్ద పెట్టెలతో మాత్రం మెట్రో ఎక్కడం కష్టమే: సంచులన్నీ ఎక్స్-రే యంత్రంలో పెట్టాలి, రద్దీ వేళ నిలబడడానికే చోటు ఉండదు.

మెరీనా గురించి తెలియనివారు ఒక పొరపాటు చేస్తారు. రోడ్డు మీద దిగగానే సముద్రం వచ్చేసిందనుకుంటారు. రోడ్డుకూ నీటికీ మధ్య ఇసుక మైదానంలా పరుచుకొని ఉంటుంది. ఇది మొదటి నుంచీ ఇంత వెడల్పు ఉన్న తీరం కాదు. 1876లో మద్రాసు ఓడరేవు నిర్మాణం మొదలై సముద్రంలోకి గోడలు కట్టాక, తీరం వెంట దక్షిణం నుంచి ఉత్తరానికి కొట్టుకుపోయే ఇసుక ఆ గోడల దగ్గర ఆగిపోయి, ఏటేటా ఇటువైపు మేటవేసింది. ఇసుక అందక ఆవలి వైపు రాయపురం తీరం కోతకు గురైంది. ప్రయాణికుడికి దీని ఫలితం ఏమిటంటే, రోడ్డు నుంచి అలలదాకా మెత్తటి ఇసుకలో నడవడానికి పది నిమిషాలు, పెద్దవారితో అయితే పావుగంట పడుతుంది. తిరిగి రావడానికీ అంతే. మీ లెక్కలో ఆ అరగంటను తప్పకుండా చేర్చండి.

మోకాళ్ల నొప్పులున్నవారికీ చక్రాల కుర్చీలో ఉన్నవారికీ మెరీనాలో ఒక సదుపాయం ఉంది. వివేకానందర్ ఇల్లం అనే గుండ్రటి పాత భవనానికి ఎదురుగా, ఇసుక మీదుగా నీటికి దగ్గరదాకా చెక్కలతో బాట వేశారు. 2022 నవంబరులో అది ప్రారంభమైంది. మరుసటి నెలలోనే తుపాను దెబ్బతీస్తే బాగు చేశారు. ఆటో డ్రైవరుకు మెరీనా అని కాకుండా "వివేకానందర్ ఇల్లం" అని చెప్పండి, సరిగ్గా అక్కడే దింపుతాడు. 1842లో అమెరికా నుంచి ఓడల్లో వచ్చే మంచుగడ్డలను నిల్వచేయడానికి కట్టిన భవనం అది, 1897లో వివేకానందుడు అందులో బస చేశాడు. లోపలికి వెళ్లి చూసే సమయం ఈ రోజు ఉండదు కానీ, గుర్తుపట్టడానికి అంతకన్నా మంచి ఆనవాలు దొరకదు.

ఋతువు, వేళ

చెన్నై తూర్పు తీరం కాబట్టి సూర్యుడు సముద్రంలో నుంచి ఉదయిస్తాడు, నగరం వెనక అస్తమిస్తాడు. తెల్లవారుజామున దిగి మధ్యాహ్నం విమానం ఎక్కేవారు అదృష్టవంతులు. రోడ్లు ఖాళీగా ఉంటాయి, ఇసుక చల్లగా ఉంటుంది, కాలాన్ని బట్టి ఐదూ నలభై నుంచి ఆరూ నలభై లోపు సూర్యోదయం చూడవచ్చు. నన్నడిగితే ఈ రకం ప్రయాణానికి ఇంతకన్నా మంచి వేళ లేదు.

పగలు పదకొండు నుంచి మూడున్నర వరకు ఇసుకలోకి దిగకండి. చెప్పులున్నా కాళ్లు కాలతాయి, నీడ దొరకదు, వడదెబ్బ తగిలిన శరీరంతో రాత్రి విమానంలో కూర్చోవడం నరకం. ఆ సమయాన్ని భోజనానికీ విశ్రాంతికీ ఉంచండి. ఎండాకాలంలో మధ్యాహ్నం దాటాక సముద్రం మీది గాలి నేల మీదికి మళ్లుతుంది. ఆ గాలి మొదలయ్యాక తీరం మరో లోకంలా అనిపిస్తుంది, నాలుగు తర్వాతి వేళను ఎంచుకోవడానికి అదే కారణం.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల కాలం. మన కోస్తా వారికి తుపాన్ల సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. చెన్నై విమానాశ్రయాన్నే ఆ నెలల్లో మూసివేసిన సందర్భాలు ఉన్నాయి: 2015 డిసెంబరు వరదల్లో కొన్ని రోజులపాటు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు, 2024 నవంబరు 30న ఫెంగల్ తుపానుకు. వాతావరణ శాఖ హెచ్చరిక ఉన్న రోజున టెర్మినల్ విడిచి పోవద్దు. విమానం వేళలు మారేదీ రద్దయ్యేదీ అలాంటి రోజునే, అప్పుడు కౌంటరు దగ్గర ఉన్నవారికే మొదట దారి దొరుకుతుంది. సంక్రాంతి మరునాటి తర్వాత వచ్చే కాణుం పొంగల్ నాడు మెరీనాకు జనం లక్షల్లో వస్తారు, గణతంత్ర దినోత్సవ వేడుకలకు కామరాజర్ సాలై మీద రాకపోకలను ఆపుతారు. ఆ రోజులనూ తప్పించండి.

ముందురోజు సర్దుకోవలసినవి

పెద్ద పెట్టెలు నేరుగా వెళ్లిపోతాయి కాబట్టి, తీరానికి కావలసినవన్నీ చేతి సంచీలో ఉండాలి. ఒక పలుచటి తువ్వాలు, మనిషికి ఒక జత పొడి బట్టలు, గట్టి ప్లాస్టిక్ సంచులు మూడు నాలుగు, టోపీ లేదా గొడుగు, మంచినీళ్లు, రోజూ వేసుకునే మందులు చాలు. బూట్ల బదులు ఇసుక దులిపితే పోయే చెప్పులు వేసుకోండి. పవర్ బ్యాంకును పెట్టెలో పెట్టడానికి ఎలాగూ వీల్లేదు, అది చేతి సంచీలోనే ఉండాలి. ఆ రోజంతా టికెట్టూ, బండీ, దారీ అన్నీ ఫోను మీదే నడుస్తాయి కాబట్టి దాన్ని నిండా చార్జి చేసి తీసుకెళ్లండి. ఆవకాయ సీసాలను మాత్రం ముందే పెద్ద పెట్టెలో సర్దాలి. అంతర్జాతీయ విమానంలో చేతి సంచీలోని ద్రవాలు, ముద్దగా ఉండే పదార్థాలు వంద మిల్లీలీటర్లు మించితే తనిఖీ దగ్గర తీసేస్తారు, అమ్మ పట్టిన పచ్చడి చెత్తబుట్టలో పడడం చూడలేం.

పొడి బట్టల గురించి నొక్కి చెప్పడానికి కారణం ఉంది. మొదటిసారి మా అమ్మను మెరీనాకు తీసుకువెళ్లినప్పుడు అలలు చీర కుచ్చిళ్లను మోకాళ్లదాకా తడిపేశాయి. ఎండలో ఆరిపోతుందిలే అనుకున్నాం. ఉప్పునీటి తడి అంత త్వరగా ఆరదు. ఆ చీరతోనే ఆమె రాత్రంతా విమానపు చలిలో కూర్చుంది, దిగేసరికి జ్వరం వచ్చింది. ఆ తర్వాత ఏ ప్రయాణంలోనూ మార్పు చీర లేకుండా ఆమెను తీరానికి తీసుకువెళ్లలేదు.

పాస్‌పోర్టులను సంచీలో కాకుండా, మెడలో వేసుకొని బట్టల లోపల ఉంచుకునే చిన్న గుడ్డ సంచీలో పెట్టుకోవాలి. దాన్ని ధరించినవారు నీటిలో పాదం కూడా పెట్టకూడదు. ఇద్దరు పెద్దలుంటే వంతులవారీగా ఒకరు ఇసుకలో కూర్చోవాలి, మరొకరు పిల్లలతో అలల దగ్గరికి వెళ్లాలి. ఒంటరిగా వెళ్లేవారు దూరం నుంచే సముద్రాన్ని చూసి తృప్తిపడాలి. పాస్‌పోర్టు తడిసినా పోయినా ఆ రాత్రి విమానం ఎక్కలేరు.

తీరంలో

మెరీనాలో స్నానం చేయడం, ఈదడం నిషిద్ధం. అడుగున నీరు లోపలికి బలంగా లాగుతుంది. పైకి నెమ్మదిగా కనిపించే కెరటం కూడా వెనక్కి మళ్లేటప్పుడు కాళ్ల కింది ఇసుకను తీసుకుపోతుంది. ఏటా అక్కడ ప్రాణాలు పోతూనే ఉన్నాయి. ఎలియట్స్ బీచ్ ఇసుకలో తెల్లటి తోరణంలాంటి కట్టడం ఒకటి కనిపిస్తుంది. అందరూ దాని ముందు ఫొటోలు దిగుతారు, ఎందుకు కట్టారో తెలిసినవారు తక్కువ. 1930లో ఇతరులను కాపాడబోయి ఆ నీటిలో మునిగిపోయిన ష్మిత్ అనే డెన్మార్క్ నావికుడి స్మారకం అది. సముద్రంలోనే బతికిన మనిషికే అలా జరిగింది కనుక, చీలమండలు దాటి నీటిలోకి వెళ్లవద్దు, పిల్లల చెయ్యి ఒక్క క్షణమైనా వదలవద్దు.

తినడానికి బఠాణీల సుండల్ కొనండి. ఉడికించిన తెల్ల బఠాణీలలో కొబ్బరి, పచ్చి మామిడి ముక్కలు వేసి కాగితపు పొట్లంలో ఇస్తారు. మన గుగ్గిళ్లకు దగ్గరి చుట్టం అది, మెరీనాకు వెళ్లి తినకుండా రాకూడదు. మిరపకాయ బజ్జీలూ చేపల వేపుళ్లూ నోరూరిస్తాయి కానీ, రాబోయే రాత్రంతా ప్రయాణం ఉంది కాబట్టి పొట్టకు అలవాటు లేనివాటిని దూరంగా ఉంచడం మేలు. తమిళం రాకపోయినా రెండు మాటలు తెలిస్తే పని జరుగుతుంది: ధర అడగడానికి "ఎవ్వళవు", ఇక చాలు అనడానికి "పోదుం".

గవ్వలు ఏరుకోవడం పిల్లలకు సరదా. ఏరనివ్వండి, తిరిగి వచ్చేటప్పుడు అక్కడే వదిలేయించండి. పగడాలతో పాటు కొన్ని రకాల శంఖాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, వాటిని దేశం దాటించబోయి పట్టుబడితే ఎదురయ్యే ప్రశ్నలకు మీ దగ్గర సమాధానం ఉండదు.

తిరుగు దారి, టెర్మినల్

మొదటి అలారం మోగగానే లేవండి. ఒక నీళ్ల సీసాను దీనికోసమే ఉంచుకొని, రోడ్డు పక్క మెట్ల మీద కూర్చుని వేళ్ల సందుల్లోని ఇసుకను శుభ్రంగా కడుక్కోండి. విమానంలో గంటల తరబడి మేజోళ్లలో ఇసుకతో కూర్చున్నవారికే ఆ బాధ తెలుస్తుంది. తడి బట్టలను ప్లాస్టిక్ సంచీలో మూట కట్టి, గాలి తీసి, గట్టిగా ముడి వేయండి. పొడి బట్టలు మార్చుకోవడానికి విమానాశ్రయంలోని శౌచాలయాలు శుభ్రంగా, విశాలంగా ఉంటాయి కాబట్టి తీరంలో వెతుక్కోనక్కరలేదు.

ఆటో లేదా కారును తీరానికి సరిగ్గా ఎదురుగా కాకుండా, లోపలి వీధి మలుపు దగ్గరికి పిలిపించుకుంటే త్వరగా దొరుకుతుంది. సెలవు రోజు సాయంత్రం యాప్‌లో బండి దొరకడానికి పదిహేను నిమిషాలు పట్టవచ్చు, అందుకే ఆరుంబావుకు లేవమన్నాను.

విమానాశ్రయంలో దిగినప్పుడు తలుపు సరిచూసుకోండి. మధ్యాహ్నం మీరు దేశీయ టెర్మినల్ నుంచి బయటికి వచ్చారు, ఇప్పుడు వెళ్లవలసింది అంతర్జాతీయ టెర్మినల్‌కు. రెండూ ఒకే ఆవరణలో ఉన్నా గుమ్మాలు వేరు, పొరపాటున మరో గుమ్మం దగ్గర వరుసలో నిలబడితే పావుగంట వృథా. ద్వారం దగ్గర భద్రతా సిబ్బందికి టికెట్టూ పాస్‌పోర్టూ చూపాలి. చాలా సంస్థలు అంతర్జాతీయ ప్రయాణాలకు బయలుదేరే వేళకు గంట, గంటుంబావు ముందే చెక్-ఇన్ కౌంటరు మూసేస్తాయి. మూసిన తర్వాత ఎంత వేడుకున్నా తెరవరు. అక్కడి నుంచి ఇమ్మిగ్రేషన్, భద్రతా తనిఖీ. రాత్రి తొమ్మిది, పదకొండు గంటల మధ్య అనేక విమానాలు ఒకదాని వెంట ఒకటి బయలుదేరుతుండడం వల్ల ఆ రెండు వరుసలూ పొడవుగా ఉంటాయి. మూడు గంటలు కేటాయించడం ఎందుకో అప్పుడు అర్థమవుతుంది.

తనిఖీ దాటాక మైకులో పేరు పెట్టి పిలుస్తారని ఎదురుచూస్తూ కునుకు తీయవద్దు. తెరల మీద గేటు నంబరు చూసుకుంటూ ఉండాలి, అది మారుతుంది కూడా. ఫోనును చార్జింగులో పెట్టి, ఖాళీ సీసాలో నీళ్లు నింపుకొని, గేటు ఎదురుగానే కూర్చోండి.

ఇంటి దగ్గర వెబ్ చెక్-ఇన్ చేసేటప్పుడే చేసుకోవలసిన చిన్న పని ఒకటి చివరికి మిగిలింది: వీలైతే ఎడమవైపు కిటికీ సీటు తీసుకోండి. గాలి అనుకూలించి విమానం తూర్పు దిశగా పైకి లేస్తే, కొద్ది నిమిషాల్లోనే తీరం దాటుతుంది. అప్పుడు ఎడమ కిటికీలో నుంచి కామరాజర్ సాలై దీపాల వరుస, దాని పక్కన చీకటిగా పరుచుకున్న ఇసుక, సాయంత్రం మీరు కూర్చున్న చోటు పిల్లలకు చూపించవచ్చు.